మస్కట్‌కు ఒక్క రోజు లీవు దొరికితే

ఈ వారం ఎపిసోడ్‌లో మస్కట్ ప్రయాణం గురించి మాట్లాడుకున్నాం. మాటల్లో కొన్ని తొందరగా దాటిపోయినయ్. వింటూ రాసుకోవడం కష్టం కాబట్టి, ఎపిసోడ్‌లో చెప్పినవీ, చెప్పడం మరిచినవీ కలిపి ఇక్కడ రాస్తున్నా. దుఖ్మ్, సొహార్, నిజ్వా, సూర్, ఇబ్రి లాంటి చోట్ల క్యాంపుల్లో ఉండి, ఎప్పుడో ఒకసారి మస్కట్ పోయేవాళ్ల కోసమే ఇది. మస్కట్‌లోనే ఉండేవాళ్లకు ఇందులో కొత్తేమీ ఉండదు.

ముందు నా తప్పు ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కింద దుఖ్మ్‌లో నా కింద పనిచేసే ఒక స్టీల్ ఫిక్సర్ తమ్ముడు గురువారం సాయంత్రం వచ్చి అడిగిండు. "అన్నా, నా పాస్‌పోర్టు గడువు దగ్గర పడ్డది. రెన్యువల్‌కు ఎక్కడికి పోవాలె?" నేను స్లాబ్ పని హడావుడిలో ఉన్నా. "మస్కట్ పో, రూయిలో దిగు, అక్కడ అన్నీ ఉంటయ్" అన్నా. పిల్లాడు నమ్మిండు. రాత్రంతా ప్రయాణం చేసి శుక్రవారం పొద్దున రూయిలో దిగిండు. అక్కడ నలుగురిని అడిగితే, ఎంబసీ అల్ ఖువైర్‌లో ఉందని ఒకరు చెప్పిండ్రు. టాక్సీ పట్టి అక్కడికి పోయిండు. గేటు మూసి ఉంది. శుక్రవారం కదా! చేతిలో డబ్బులు అయిపోయినయ్, పని కాలేదు. మళ్లీ లీవు ఇవ్వడానికి సైట్‌లో మూడు వారాలు పట్టింది. ఆ ఆలస్యంతో ఊరికి పోయే తేదీ జరిగిపోయింది. చెల్లె పెళ్లి ఫోటోలు క్యాంపులో మంచం మీద కూర్చొని ఫోన్‌లో చూసుకున్నడు. నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధ అయింది.

అప్పటి నుంచి ఎవరైనా మస్కట్ పోతా అంటే రెండే ప్రశ్నలు అడుగుతా. ఏ పని మీద? ఏ రోజు? ఈ రెండిటికీ జవాబు ఉంటేనే బయలుదేరండి.

మస్కట్ ఒక ఊరు కాదు, ఒక పొడుగాటి రోడ్డు

మన దగ్గర పట్నం అంటే మధ్యలో బస్టాండు, చుట్టూ బజారు, ఏదైనా నడిచి పోవచ్చు అనుకుంటం. మస్కట్ అట్ల ఉండదు. ఒక పక్క సముద్రం, ఒక పక్క గుట్టలు. మధ్యలో ఉన్న సన్నటి జాగాలో ఊరు పొడుగ్గా సాగింది. సుల్తాన్ ఖాబూస్ స్ట్రీట్ అనే పెద్ద రోడ్డు దానికి వెన్నెముక. ఎయిర్‌పోర్టు నుంచి రూయికే దాదాపు 30 కిలోమీటర్లు. "మస్కట్ చేరిన" అంటే సరిపోదు, మస్కట్‌లో ఎక్కడ చేరినం అన్నది ముఖ్యం.

పడమర నుంచి తూర్పుకు నాలుగు ముడులు గుర్తు పెట్టుకోండి.

మొదటి ముడి సీబ్. బుర్జ్ అల్ సహ్వా అనే గడియారం గోపురం రౌండబౌట్, ఎయిర్‌పోర్టు ఈ వైపే. నిజ్వా రోడ్డు ఇక్కడే కలుస్తుంది. సొహార్ నుంచి వచ్చేవాళ్లకు కూడా ముందు తగిలేది ఇదే.

రెండో ముడి గుబ్రా, అల్ ఖువైర్. పెద్ద మసీదు, రాయల్ హాస్పిటల్ ఈ వైపున ఉంటాయి. మినిస్ట్రీలు, మన ఇండియన్ ఎంబసీతో పాటు చాలా ఎంబసీలు అల్ ఖువైర్‌లోనే ఉన్నాయి.

మూడో ముడి రూయి. మన ఇండియా వాళ్ల బజారు ఇది. బస్ స్టేషన్, రూయి హై స్ట్రీట్, ఎక్స్ఛేంజ్‌లు, సెల్‌ఫోన్ దుకాణాలు, కేరళ హోటళ్లు అన్నీ ఇక్కడే. పక్కనే దర్సెయిత్. సూర్, ఖురయ్యాత్ వైపు నుంచి అమెరాత్ మీదుగా వచ్చేవాళ్లకు ఇదే దగ్గర.

నాలుగో ముడి మత్రా, ఆ తర్వాత పాత మస్కట్. సముద్రం ఒడ్డు, సూక్, కోటలు, అల్ ఆలం ప్యాలెస్ అక్కడ ఉన్నాయి.

ఇది తెలిస్తే సగం ఖర్చు తగ్గినట్టే. ఉదాహరణకు నిజ్వా నుంచి ఫ్లైట్‌కు పోయే మనిషి రూయి దాకా పోవాల్సిన పనే లేదు. రూయి పోయి మళ్లీ ఎయిర్‌పోర్టుకు వెనక్కి వస్తే 30 కిలోమీటర్లు ఊరికే రెండుసార్లు తిరిగినట్టు. బస్సు టికెట్ కొనేటప్పుడు, ఏ స్టేషన్‌లో దింపుతడో కాగితం మీద చూసుకోండి. దూరపు బస్సులన్నీ ఒకే చోట ఆగవు.

కాగితం పనికి ఒక రోజు, చూడటానికి ఒక రోజు

ఒమన్‌లో సర్కారు ఆఫీసులకు సెలవు శుక్రవారం, శనివారం. 2013 నుంచి ఇదే పద్ధతి. ఎంబసీకి కూడా ఈ రెండు రోజులే వారాంతం. మనకేమో సైట్‌లో దొరికేది శుక్రవారం ఒక్కటే. చిక్కంతా ఇక్కడే ఉంది.

కాబట్టి పాస్‌పోర్టు, అటెస్టేషన్, లేబర్ ఫిర్యాదు లాంటి పని ఉంటే ఆదివారం నుంచి గురువారం లోపు ఒక రోజు లీవు అడగాల్సిందే. జీతం కోత పడుతుందని శుక్రవారం పోతే, కోత లేకపోయినా ఛార్జీలు మొత్తం దండగ. పని కాదు కాబట్టి కోత పడే రోజు ఎట్లాగూ మళ్లీ వస్తది. రెండుసార్లు నష్టం. సూపర్‌వైజర్‌ను వారం ముందే అడగండి. కాంక్రీట్ పోసే రోజుకు ముందు రోజు అడిగితే నాలాంటోడు కూడా ఇవ్వలేడు.

ఒక్క మినహాయింపు ఉంది. ఎంబసీ వాళ్లు నెలనెలా ఓపెన్ హౌస్ పెడుతరు. కష్టం ఉన్నవాళ్లు నేరుగా పోయి అధికారులకు చెప్పుకోవచ్చు. అది చాలాసార్లు శుక్రవారం మధ్యాహ్నమే ఉంటుంది. తేదీ, టైం ముందుగా ఎంబసీ పేజీలో పెడుతరు. జీతం రావట్లేదు, పాస్‌పోర్టు ఇవ్వట్లేదు అనే సమస్య ఉన్నవాళ్లు ఆ తేదీ చూసుకొని బయలుదేరండి.

పాస్‌పోర్టు దరఖాస్తులను ఎంబసీ వేరే సర్వీస్ సెంటర్ ద్వారా తీసుకుంటుంది. ఆ కంపెనీ మారినప్పుడు చిరునామా కూడా మారుతుంది. స్నేహితుడు మూడేళ్ల కింద పోయిన జాగాకు పోవద్దు. బయలుదేరే వారంలోనే ఎంబసీ వెబ్‌సైట్‌లో చిరునామా, టైం, ఫీజు, ఫోటో సైజు చూడండి. చదవడం రాకపోతే క్యాంపులో టైమ్ కీపర్‌నో, చదువుకున్న తమ్ముడినో కూర్చోబెట్టి చూపించుకోండి. సిగ్గుపడే పని కాదు. పాస్‌పోర్టు గడువు ఇంకా ఆర్నెల్లు ఉండగానే పని మొదలుపెట్టండి. కౌంటర్ దగ్గర రసీదు తీసుకోకుండా ఒక్క బైసా కూడా ఇవ్వొద్దు.

జేబులో ఏముండాలి

రెసిడెంట్ కార్డు, అదే మన బతాకా, అసలుది ఉండాలి. ఫోన్‌లో ఫోటో సరిపోదు. దారిలో పోలీసు అడిగితే చూపించాల్సింది కార్డే. గడువు తీరిందేమో ఒకసారి తిప్పి చూసుకోండి. పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు జిరాక్సులు ఒక సెట్టు సంచిలో, ఫోటోలు ఫోన్‌లో పెట్టుకోండి.

కంపెనీ మేనేజర్ నంబరు, ఊర్లో ఇంటి నంబరు ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. ఫోన్ పోతే నంబర్లు కూడా పోతాయి. మనలో ఎంతమందికి భార్య నంబరు నోటికి వచ్చు? పోలీసుకైనా, అంబులెన్సుకైనా, ఫైరుకైనా ఎమర్జెన్సీ నంబరు ఒక్కటే, 9999.

డబ్బు సంగతి కొత్తవాళ్లకు చెప్తున్నా. ఒక రియాల్‌కు 1000 బైసాలు. అందుకే ధర చుక్క తర్వాత మూడు అంకెలతో రాస్తరు. 3.500 అంటే మూడున్నర రియాళ్లు. 0.300 అంటే 300 బైసాలు. బస్సుకు, చాయ్‌కి 100 బైసాలు, అర రియాల్ చిల్లర వేరే జేబులో పెట్టుకోండి. పెట్టె అడుగున దాచుకున్న పాత నోట్లు ఉంటే ఒకసారి తీసి చూడండి. 2020కి ముందు వచ్చిన పాత నోట్ల చెలామణిని 2024 డిసెంబర్ 31తో ఆపేసిండ్రు. దుకాణంలో తీసుకోరు.

తిరిగేది ఎట్లా

చవకైనది ముసలాత్ బస్సు. ఎర్ర బస్సులు, ఏసీ ఉంటది, ఛార్జీ వందల బైసాల్లోనే. మనకు ఎక్కువ పనికొచ్చేవి రెండు. 1వ నంబరు రూయి నుంచి మబేలా దాకా పెద్ద రోడ్డు వెంబడి పోతది. 4వ నంబరు రూయి నుంచి మత్రా మీదుగా ప్యాలెస్ వైపు పోతది. నంబర్లు, టైములు మారుతుంటయ్ కాబట్టి ఎక్కే ముందు దిగాల్సిన చోటు పేరు డ్రైవర్‌కు చెప్పి అడగండి. శుక్రవారం పొద్దున బస్సు కోసం ఎక్కువసేపు ఆగాల్సి రావొచ్చు.

బస్ స్టాప్‌లో ఇంకో తిప్పలు ఉంది. రోడ్డు చాలా వెడల్పు, బండ్లు వేగంగా వస్తయ్. ఎదుటి వైపు పోవాలంటే వంతెన గానీ, సిగ్నల్ గానీ దొరికేదాకా నడవండి. పది నిమిషాలు మిగులుతాయని రోడ్డుకు అడ్డంగా ఉరకొద్దు. ప్రాణం పోతది.

టాక్సీలు తెలుపు, నారింజ రంగుల్లో ఉంటాయి. ఓటాక్సీ లాంటి యాప్‌లో పిలిస్తే ధర ముందే తెలుస్తది. రోడ్డు మీద చేయెత్తి ఆపితే ఎక్కక ముందే ధర మాట్లాడుకోండి. షేరింగా, ఒంటరిగానా అన్నది కూడా అడగండి. ఇద్దరు ముగ్గురు కలిసి ఎక్కేదానికి, బండి మొత్తం మాట్లాడుకునేదానికి ధర చాలా తేడా. దిగిన తర్వాత గొడవ పడితే భాష రాని మనమే ఓడిపోతం. సొంత కారులో "రా భాయ్, దింపుతా" అని డబ్బుకు ఎక్కించుకునేవాళ్లతో పోవద్దు. చట్టం ఒప్పుకోదు, ప్రమాదం జరిగితే ఎవరూ పలకరు.

రూయిలో

రూయిలో పని అంటే డబ్బు పంపడం, ఫోన్ బాగుచేయించడం, ఊరికి సామాను కొనడం. ఎక్స్ఛేంజ్‌లో రేటు బోర్డు ఒక్కటే చూడొద్దు. "నేను ఇన్ని రియాళ్లు ఇస్తే, మీ ఛార్జీ పోను నా ఇంటి ఖాతాలో ఎన్ని రూపాయలు పడతయ్?" అని అడగండి. రెండు చోట్ల అడిగి ఎక్కువ చెప్పినచోట కట్టండి. హుండీ జోలికి పోవద్దు. డబ్బు పోతే చూపించడానికి రసీదు ఉండదు.

శుక్రవారం పదకొండున్నర నుంచి రెండింటి దాకా నమాజు టైం. చాలా దుకాణాలు మూసి ఉంటాయి. మామూలు రోజుల్లో కూడా మధ్యాహ్నం ఒంటి గంట నుంచి నాలుగు దాకా చిన్న దుకాణాలు మూస్తరు. షాపింగ్ అంతా సాయంత్రానికి పెట్టుకోండి. రంజాన్ నెలలో పగలు బయట తినడం, నీళ్లు తాగడం, సిగరెట్ కాల్చడం చట్టరీత్యా తప్పు. ఏ మతం వాళ్లకైనా ఇదే రూలు.

బంగారం కొంటే బిల్లు తీసుకోండి. బిల్లులో బరువు, క్యారెట్, కూలి వేరువేరుగా రాయించండి.

ఆస్పత్రి పని మీద పోయేవాళ్లు, పేరు ఒక్కటే కాకుండా అది ఏ ముడి దగ్గర ఉందో అడిగి పోండి. ఎముకలు విరిగినా, కాలిన గాయాలైనా పెద్ద కేసులు చూసే ఖౌలా హాస్పిటల్ మీనా అల్ ఫహల్ వైపు ఉంది. అల్ ఖువైర్‌కూ రూయికీ మధ్యలో వస్తుంది. పైన చెప్పిన రాయల్ హాస్పిటల్ వేరు, ఇది వేరు. రెఫరల్ కాగితం, ఇన్సూరెన్స్ కార్డు మరవద్దు. సైట్‌లో దెబ్బ తగిలిన కేసైతే, కంపెనీ మనిషి వెంట రావాలని గట్టిగా అడగండి.

కాస్త చూసి రండి

"మనం చూడటానికి వచ్చినమా, సంపాదించడానికి వచ్చినమా" అంటరు చాలామంది. నేనూ మొదటి ఆరేళ్లు అట్లనే అన్నా. ఊర్లో కొడుకు "నాన్నా, మస్కట్ ఎట్లుంటది?" అని అడిగితే చెప్పడానికి ఎయిర్‌పోర్టు తప్ప ఏమీ లేకపోయె. పెద్ద ఖర్చేమీ కాదు, చూడండి.

శుక్రవారం సాయంత్రం మత్రా మంచిది. సముద్రం వెంట నడిచే దారి ఉంది, టికెట్ లేదు. పక్కనే సూక్. సాంబ్రాణి, అత్తరు, వెండి సామాన్లు అమ్ముతరు. చెప్పిన ధరకు కొనొద్దు, నవ్వుతూ బేరం చేయండి. ఇంకొంచెం ముందుకు పోతే పాత మస్కట్. 1507లో పోర్చుగీసు వాళ్లు వచ్చి ఈ రేవును పట్టుకున్నరు. 1650లో ఒమనీలు వాళ్లను వెళ్లగొట్టిండ్రు. జలాలీ, మిరానీ అని రెండు కోటలు ఇప్పటికీ సముద్రానికి కాపలా ఉన్నట్టు నిలబడి ఉన్నయ్. ఆ దగ్గర్లోనే వందేళ్లు దాటిన శివాలయం ఉంది. 2018 ఫిబ్రవరిలో ప్రధాని మోదీ దర్శనం చేసుకున్నది ఈ గుడిలోనే. కృష్ణుడి గుడి దర్సెయిత్‌లో ఉంది. చర్చికి పోయేవాళ్లకు రూయి దగ్గర.

సుల్తాన్ ఖాబూస్ పెద్ద మసీదును మాత్రం శుక్రవారం పెట్టుకోవద్దు. ముస్లిం కానివాళ్లను శనివారం నుంచి గురువారం దాకా, పొద్దున 8 నుంచి 11 వరకే లోపలికి పంపిస్తరు. మన ముస్లిం సోదరులకు ఈ అడ్డు లేదు. చేతులు, కాళ్లు కప్పే బట్టలు వేసుకోవాలె. ఆడవాళ్లు తల కూడా కప్పుకోవాలె. ఎంబసీ పని మీద లీవు పెట్టినవాళ్లకు ఇది దారిలోనే. కాగితం పని తొందరగా అయితే పోండి. పనిచేసే చేతులకు అక్కడ చూడాల్సింది చాలా ఉంది. 2001లో తెరిచిన ఆ మసీదుకు వాడిన ఇసుకరాయి 3 లక్షల టన్నులు, అదీ మన ఇండియా నుంచి వచ్చిందే. లోపలి తివాచీ 70 మీటర్ల పొడుగు, 60 మీటర్ల వెడల్పు, బరువు 21 టన్నులు. రాళ్ల జాయింట్లు చూడండి. మన సైట్‌లో టైల్ లైన్ ఒక మిల్లీమీటర్ తప్పితే నేనెందుకు అరుస్తనో అక్కడ అర్థమైతది.

మనుషుల ఫోటోలు అడగకుండా తీయొద్దు, ముఖ్యంగా ఆడవాళ్లవి. పోలీసు, మిలిటరీ కట్టడాల వైపు ఫోన్ ఎత్తొద్దు. బహిరంగంగా మందు తాగొద్దు. చెత్త రోడ్డు మీద వేయొద్దు, జరిమానా పడుతది.

ఎండ, వాన

జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర వరకు ఎండలో పని చేయించొద్దని చట్టం ఉంది. మీ ప్రయాణానికి కూడా అదే రూలు పెట్టుకోండి. ఆ మూడు గంటలు నీడలో, ఏసీలో ఉండండి. నవంబర్ నుంచి మార్చి దాకా హాయిగా తిరగొచ్చు.

వాన పడితే మాత్రం ప్రయాణం మానుకోండి. ఇక్కడి వాగులు, అవే వాదీలు, ఏడాదంతా ఎండిపోయి ఉంటయ్. గుట్టల మీద వాన పడితే, మనదగ్గర చుక్క పడకపోయినా ఒక్కసారిగా నీళ్లు వస్తయ్. మోకాలి లోతు నీళ్లు చాలు, కారును తోసుకుపోతయ్. 2021 అక్టోబర్‌లో షాహీన్ తుఫాను బాతినా తీరాన్ని ఏం చేసిందో సొహార్ దారిలో ఉండేవాళ్లకు తెలుసు. 2024 ఏప్రిల్ వరదల్లో బడిపిల్లలు కూడా పోయిండ్రు. పారే వాదీని దాటించడం ఇక్కడ నేరం. డ్రైవర్ "ఏం కాదు" అంటే, "నేను దిగుతా" అనండి. ఎంబసీ రేపు కూడా ఉంటది.

ఎయిర్‌పోర్టుకు పోయేవాళ్లకు

ఫ్లైట్‌కు మూడు గంటల ముందు అక్కడ ఉండండి. దుఖ్మ్ నుంచి దాదాపు 550 కిలోమీటర్లు, సలాలా నుంచి 1000 కిలోమీటర్లు. ఇంత దూరం నుంచి వచ్చేవాళ్లు ముందు రోజే మస్కట్ చేరడం మంచిది. టికెట్ మీద పేరు, పాస్‌పోర్టు మీద పేరు అక్షరం అక్షరం కలవాలె. లగేజీ ఎన్ని కిలోలో టికెట్‌లో చూసి, క్యాంపులోనే తూకం వేసుకోండి. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే పెట్టాలె.

అన్నిటికంటే ముఖ్యం ఇంకోటి ఉంది. "తమ్మీ, ఈ చిన్న ప్యాకెట్ మా ఇంటికి ఇయ్యి" అని ఎయిర్‌పోర్టులో ఎవరన్నా ఇస్తే తీసుకోవద్దు. తెలిసినవాళ్లదైనా సరే, విప్పి చూసి, మీ చేత్తో మీరే సర్దుకోనిది మీ సంచిలో ఉండొద్దు. లోపల ఏముందో నాకు తెలియదంటే పోలీసులు వినరు. సంచి ఎవరి పేరు మీద ఉంటే కేసు వాళ్ల మీదే. మొహమాటానికి పోయి ఏళ్ల తరబడి జైల్లో ఉండొద్దు.

చివరి మాట

మా సైట్ ఆఫీసులో టైమ్ షీట్ పక్కన ఒక కాగితం అంటించిన. సీబ్, అల్ ఖువైర్, రూయి, మత్రా అని నాలుగు గీతలు గీసి, ఏ పని ఎక్కడ, ఏ రోజు తెరిచి ఉంటది అని తెలుగులో, హిందీలో రాసిన. ఆ కాగితం పెట్టించింది ఆ స్టీల్ ఫిక్సర్ తమ్ముడే. పెళ్లి అయిపోయిన నెలకు ఊరికి పోయి వచ్చిండు. రాగానే, "అన్నా, నాకు చెప్పినట్టు ఇంకొకరికి చెప్పకు, రాసిపెట్టు" అన్నడు.

మీ క్యాంపులో కూడా ఒకటి రాసి అంటించండి. చిరునామాలు మారినప్పుడల్లా దిద్దండి. ఫోన్‌లో వినడానికి నెట్ లేనివాళ్లు కూడా గోడ మీద కాగితం చదువుకుంటరు.